సొంత రక్తమే ఔషధం... ఏ నొప్పికి? ఎంతవరకు?

* కీళ్ల నొప్పులకు ప్లేట్‌లెట్ల ఇంజెక్షన్
* అరిగిన మోకాలిని కొత్తగా చేయలేదంటున్న పరిశోధనలు
* మానని కాలిపుండ్ల విషయంలో మెరుగైన ఆధారం

చిలకలపూడి (మచిలీపట్నం): మెరిసేదంతా బంగారం కాదన్న సామెతను చిలకలపూడి వాసులకు ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు. రోల్డుగోల్డు నగలకు పుట్టినిల్లయిన ఈ ప్రాంతంలో, పైపూత ఎంత, లోపలి లోహమెంత అన్నది చేయి తిరిగిన పనివాడు చూడగానే చెప్పగలడు. అయితే అదే పనివాడు మోకాలు నొప్పితోనో, మోచేతి పోటుతోనో ఆసుపత్రి మెట్లెక్కినపుడు, అక్కడ చూపుతున్న చికిత్సలో అసలెంతో, పూత ఎంతో తేల్చుకోవడం అంత సులభం కాదు. 'మీ రక్తంతోనే మీ కీలు బాగుపడుతుంది' అన్న మాట ఇపుడు నగరాల ప్రకటనల నుంచి పల్లెల దాకా వచ్చింది. పీఆర్‌పీగా పిలిచే ఈ చికిత్సలో ఒక్కో విడతకు వేల రూపాయలు ఖర్చవుతుంది. రోజు కూలీపై బతికే కుటుంబానికి అది నెలల పొదుపు. అందుకే ఈ చికిత్స ఏమిటో, దేనికి పనిచేస్తుందో, దేనికి పనిచేయదో తెలుసుకోవడం అవసరం.

ఈ డెల్టాలో కీళ్లకు పని ఎక్కువ. నగల తయారీదారులు గంటల తరబడి ఒకే భంగిమలో కూర్చుని తీగలు వంచుతారు, అతుకులు వేస్తారు, రాళ్లు పొదుగుతారు. పెడనలో కలంకారీ అద్దకం పనివారు అచ్చును గుడ్డపై ఉంచి పిడికిలితో మోదుతారు. గిలకలదిండి మత్స్యకారులు వలలు లాగుతారు. గుడివాడ, దివిసీమ పొలాల్లో నాట్లు వేసే మహిళలు రోజంతా నడుము వంచి బురదలో నిలుస్తారు. మోకాలు, మోచేయి, భుజం, మడమ నొప్పులు వీరిలో చాలామందికి నిత్యానుభవాలే. నొప్పి నివారణ బిళ్లలతో నెట్టుకొచ్చేవారికి 'కోత లేదు, కుట్టు లేదు, సొంత రక్తమే' అన్న మాట ఆశ కలిగించడంలో ఆశ్చర్యం లేదు.

డెంగీతో పరిచయమైన పేరు

ప్లేట్‌లెట్లు అనగానే జనానికి గుర్తుకు వచ్చేది డెంగీ జ్వరం. 'ప్లేట్‌లెట్లు పడిపోయాయి, ఎక్కించాలి' అన్న మాట వర్షాకాలంలో తరచూ వినబడుతుంది. రక్త ఫలకికలని పుస్తకాల్లో రాసే ఈ సూక్ష్మ కణాలు ఆరోగ్యవంతుల్లో ఒక మైక్రోలీటరు రక్తానికి లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షల వరకు ఉంటాయి. ఎముకల మజ్జలో తయారై, 8 నుంచి 10 రోజులు మాత్రమే జీవించి, నశిస్తాయి. వాటి స్థానంలో కొత్తవి నిరంతరం పుడుతూనే ఉంటాయి.

డెంగీలో ఎక్కించే ప్లేట్‌లెట్లకు, పీఆర్‌పీకి పోలిక పేరు వరకే. మొదటి దానిలో దాత ఇచ్చిన ప్లేట్‌లెట్లను రోగి సిరలోకి పంపుతారు. రక్తస్రావాన్ని అరికట్టడం దాని ఉద్దేశం. పీఆర్‌పీలో రోగి రక్తాన్నే కొద్దిగా తీసి, అందులోని ప్లేట్‌లెట్లను చిక్కబరచి, నొప్పి ఉన్న చోట గాని పుండు ఉన్న చోట గాని తిరిగి ఉంచుతారు. దెబ్బతిన్న కణజాలం మానేందుకు తోడ్పడటం దాని లక్ష్యం. పీఆర్‌పీ అంటే 'ప్లేట్‌లెట్ రిచ్ ప్లాస్మా', అనగా ప్లేట్‌లెట్లు సమృద్ధిగా ఉన్న ప్లాస్మా అని అర్థం.

గాయం మాన్పే కణాలు

కత్తిపీటపై వేలు తెగినపుడు మొట్టమొదట అక్కడికి చేరేవి ప్లేట్‌లెట్లే. అవి ఒకదానికొకటి అంటుకుని, రక్తం గడ్డకట్టేందుకు దోహదం చేసి, గాయం నోరు మూస్తాయి. వాటి పని అంతటితో ముగియదు. ప్రతి ప్లేట్‌లెట్ లోపలా సూక్ష్మమైన సంచుల వంటి రేణువులుంటాయి. గాయం వద్ద అవి పగిలి, 'వృద్ధి కారకాలు' అనే ప్రొటీన్లను వెదజల్లుతాయి. కొత్త రక్తనాళాలు మొలిచేందుకు, మరమ్మతు కణాలు అక్కడికి చేరేందుకు, కొత్త కణజాలం అల్లుకునేందుకు ఈ ప్రొటీన్లు సంకేతాలిస్తాయి. ఇల్లు కూలినపుడు ముందుగా చేరుకుని తాపీ పనివారిని, వడ్రంగులను కేకవేసే మేస్త్రి పాత్ర వీటిది. అవే గోడ కట్టవు. కట్టేవారిని పిలుస్తాయి.

ఈ చివరి మాటలోనే చికిత్స బలం, పరిమితి రెండూ ఉన్నాయి. పిలిస్తే వచ్చే పనివారు ఆ చుట్టుపక్కల ఉన్నపుడే మేస్త్రి కేకకు ఫలితం ఉంటుంది. చర్మానికి రక్త ప్రసరణ సమృద్ధిగా ఉంటుంది, మరమ్మతు కణాలు త్వరగా చేరతాయి. కీలులోని మృదులాస్థికి రక్తనాళాలే ఉండవు. ఎముకల చివర నునుపైన గిట్టలా ఉండే ఈ పొర ఒకసారి అరిగితే మళ్లీ పెరగడం బహు కష్టం. అందుకే ఒకే మందు పుండు విషయంలో ఒకలా, మోకాలి విషయంలో మరోలా ఫలితమివ్వడం వింత కాదు.

రక్తం నుంచి మందు ఎలా?

తయారీ విధానం పాడి రైతులకు సులువుగా బోధపడుతుంది. పాల కేంద్రాల్లో వెన్న శాతం తేల్చేందుకు పాల గొట్టాలను గిరగిరా తిప్పే యంత్రం ఉండేది. బరువైనది అంచుకు పోవడం, తేలికైనది విడిపడటం దానిలోని సూత్రం. పీఆర్‌పీ తయారుచేసే 'సెంట్రిఫ్యూజ్' పనిచేసేదీ అదే సూత్రంపై.

చేతి సిర నుంచి సాధారణంగా 15 నుంచి 60 మిల్లీలీటర్ల రక్తాన్ని, గడ్డకట్టకుండా ఆపే రసాయనం కలిపిన గొట్టాల్లోకి తీస్తారు. యంత్రంలో తిప్పగానే బరువైన ఎర్రకణాలు అడుగుకు చేరతాయి. వాటిపై తెల్లకణాలతో కూడిన పలుచని పొర, ఆపైన లేత పసుపు రంగు ప్లాస్మా నిలుస్తాయి. పై భాగాన్ని వేరుచేసి, అవసరాన్ని బట్టి రెండోసారి తిప్పి, ప్లేట్‌లెట్లు చిక్కగా ఉన్న కొద్దిపాటి ద్రవాన్ని మాత్రమే గ్రహిస్తారు. ఇందులో ప్లేట్‌లెట్ల సాంద్రత మామూలు రక్తంలో కంటే దాదాపు మూడు నుంచి అయిదు రెట్లు ఉంటుంది. రక్తం తీయడం మొదలు ఇంజెక్షన్ ఇచ్చే వరకు మొత్తం ప్రక్రియ సుమారు గంటలో పూర్తవుతుంది. ఆసుపత్రిలో పడక అవసరం ఉండదు.

అయితే ఇక్కడే ఒక చిక్కుంది. మందుల దుకాణంలో కొనే బిళ్లపై 500 మిల్లీగ్రాములని ముద్రించి ఉంటే ఏ ఊళ్లో కొన్నా అంతే ఉంటుంది. పీఆర్‌పీకి అటువంటి ఖచ్చితమైన మోతాదు లేదు. రోగి రక్తాన్ని బట్టి, యంత్రాన్ని బట్టి, తిప్పిన వేగాన్ని బట్టి, తెల్లకణాలను ఉంచారా, తొలగించారా అన్నదాన్ని బట్టి మందు మారిపోతుంది. ఒక ఆసుపత్రిలో ఇచ్చినది, మరో ఆసుపత్రిలో ఇచ్చినది పేరుకు ఒకటే అయినా వాస్తవంలో వేర్వేరు కావచ్చు. పరిశోధనల ఫలితాలు పరస్పరం పొసగకపోవడానికి ఇదీ ఒక కారణమే.

గుండె ఆపరేషన్ నుంచి ఆటగాళ్ల దాకా

ప్లేట్‌లెట్లను చిక్కబరచి వాడటం నిన్నమొన్నటి ఆలోచన కాదు. ఇటలీలో 1987లో గుండె శస్త్రచికిత్సల సందర్భంగా, ఇతరుల రక్తం ఎక్కించే అవసరాన్ని తగ్గించేందుకు రోగుల సొంత ప్లేట్‌లెట్ ప్లాస్మాను వినియోగించారు. అమెరికాకు చెందిన దవడ శస్త్రచికిత్స నిపుణుడు రాబర్ట్ మార్క్స్ బృందం 1998లో దవడ ఎముక అతుకులకు దీనిని జోడించి, ఎముక త్వరగా గట్టిపడినట్లు ప్రకటించింది. దంతవైద్యంలో ఈ విధానం ఆ తరువాతే వేళ్లూనుకుంది. 2009లో అమెరికా ఫుట్‌బాల్ ఆటగాడు హైన్స్ వార్డ్ మోకాలి గాయానికి ఈ చికిత్స పొంది కొద్ది రోజుల్లోనే సూపర్ బౌల్ పోటీలో ఆడటంతో పీఆర్‌పీ పేరు లోకమంతా మారుమోగింది. ఆధారాల కంటే ముందుగా ఆదరణ పరుగెత్తింది అప్పటి నుంచే. గీటురాయిపై గీసి చూసే పని ఆ తరువాత పదేళ్లలో జరిగింది.

మోకాలికి ఎంత మేలు?

పీఆర్‌పీ కోసం ఎక్కువగా వచ్చేది మోకాళ్ల అరుగుదల ఉన్నవారే. ఈ విషయంలో మన దేశంలోనే ఒక ముఖ్యమైన అధ్యయనం జరిగింది. చండీగఢ్‌లోని పీజీఐ వైద్యులు 78 మంది రోగుల 156 మోకాళ్లపై జరిపిన పరీక్ష ఫలితాలు 2013లో వెలువడ్డాయి. కొందరికి ఒక పీఆర్‌పీ ఇంజెక్షన్, కొందరికి రెండు, మరికొందరికి ఉప్పునీటి (సెలైన్) ఇంజెక్షన్ ఇచ్చారు. ఎవరికేది ఇచ్చారో రోగులకు తెలియదు. పీఆర్‌పీ పొందినవారిలో నొప్పి, బిగుసుకుపోవడం గణనీయంగా తగ్గాయి. ఒక ఇంజెక్షన్‌కు, రెండింటికి పెద్ద తేడా కనిపించలేదు. అయితే ఆరు నెలలు వచ్చేసరికి ఉపశమనం కొంత సన్నగిల్లనారంభించింది.

దీనికి భిన్నమైన ఫలితం 2021లో ఆస్ట్రేలియా నుంచి వచ్చింది. తేలికపాటి నుంచి మధ్యస్థ అరుగుదల ఉన్న 288 మందికి వారానికొకటి చొప్పున మూడు ఇంజెక్షన్లు ఇచ్చి ఏడాదిపాటు పరిశీలించారు. పదికి కొలిచే నొప్పి మానంలో పీఆర్‌పీ పొందినవారికి 2.1 తగ్గగా, ఉప్పునీరు పొందినవారికి సైతం 1.8 తగ్గింది. ఈ తేడా లెక్కలోకి వచ్చేది కాదని పరిశోధకులు తేల్చారు. అంతకంటే ముఖ్యమైన అంశం మృదులాస్థికి సంబంధించినది. స్కానింగ్‌లో కొలిచినపుడు రెండు వర్గాల వారిలోనూ మృదులాస్థి స్వల్పంగా తగ్గిందే గాని పెరగలేదు. 'గుజ్జు మళ్లీ పుడుతుంది' అని చెప్పే ప్రచారానికి ఈ అధ్యయనం గట్టి సమాధానం.

నిపుణుల సంఘాలలోనూ ఏకాభిప్రాయం లేదు. అమెరికన్ కాలేజ్ ఆఫ్ రుమటాలజీ 2019 మార్గదర్శకాల్లో మోకాలి అరుగుదలకు పీఆర్‌పీ వద్దని గట్టిగా సూచించింది. అదే దేశపు ఎముకల శస్త్రచికిత్స నిపుణుల అకాడమీ 2021లో నొప్పి తగ్గేందుకు తోడ్పడవచ్చని పేర్కొంటూనే, ఆ సిఫార్సుకు పరిమిత బలం మాత్రమే ఉన్నదని తెలిపింది.

వీటన్నిటి సారాంశం ఇదీ: అరుగుదల తొలి దశల్లో ఉన్న కొందరికి కొన్ని నెలలపాటు నొప్పి తగ్గవచ్చు, తగ్గకపోవచ్చు. ఎముకకు ఎముక రాసుకునే చివరి దశలో దీనిపై ఆశ పెట్టుకోవడం వృథా. అటువంటివారికి కీలు మార్పిడి గురించి వైద్యునితో చర్చించడమే మార్గం. కాగా, ఏ దశలోనైనా మేలు చేసేవి రెండున్నాయి. తొడ కండరాలను బలపరిచే వ్యాయామం మొదటిది. బరువు తగ్గడం రెండోది. అధిక బరువున్నవారు ఒక కిలో తగ్గితే, వేసే ప్రతి అడుగులోనూ మోకాలిపై దాదాపు నాలుగు కిలోల భారం తగ్గుతుందని 2005లో జరిగిన ఒక అధ్యయనం చూపింది. ఈ రెండింటికీ సూదితో గాని, వేల రూపాయలతో గాని పనిలేదు.

మోచేతి పోటు

మోచేతి వెలుపలి ఎముక వద్ద పోటు, చెంబు ఎత్తబోయినా పట్టు జారిపోవడం 'టెన్నిస్ ఎల్బో' లక్షణాలు. పేరులో టెన్నిస్ ఉన్నా ఆ ఆట ఎన్నడూ ఆడనివారిలోనే ఇది ఎక్కువ. పట్టుకారు, సుత్తి వంటి పనిముట్లతో ఒకే కదలికను వందలసార్లు చేసేవారికి, కండరాన్ని ఎముకకు బంధించే తాడు వంటి టెండన్ దెబ్బతిని ఈ బాధ వస్తుంది.

నెదర్లాండ్స్‌లో 100 మందిపై జరిపి 2010లో ప్రచురించిన అధ్యయనంలో, ఏడాది తరువాత పీఆర్‌పీ పొందినవారిలో 73 శాతం మందికి, స్టెరాయిడ్ ఇంజెక్షన్ పొందినవారిలో 49 శాతం మందికి గుణం కనిపించింది. స్టెరాయిడ్ తొలి వారాల్లో హాయినిచ్చినా ఆ హాయి నిలవదన్న సంగతి దీనితో స్పష్టమైంది. కాని 2021లో కొక్రేన్ సంస్థ 32 అధ్యయనాలను సమీక్షించినపుడు, ఉత్తుత్తి ఇంజెక్షన్‌తో పోల్చితే రక్తం, పీఆర్‌పీ ఇంజెక్షన్ల వల్ల నొప్పిలో గాని పనితీరులో గాని చెప్పుకోదగిన ప్రయోజనం బహుశా లేదని తేలింది. టెన్నిస్ ఎల్బో అత్యధికుల్లో ఏడాది లోపు దానంతటదే తగ్గిపోవడం ఇక్కడ గమనార్హం. కాలం మాన్పినదాన్ని ఇంజెక్షన్ మాన్పిందని భ్రమపడే అవకాశం ఉంది.

మడమ వెనుక నుండే అకిలిస్ టెండన్ విషయంలోనూ అంతే. బ్రిటన్‌లో 240 మందిపై జరిపిన పరీక్ష ఫలితాలు 2021లో వెలువడగా, ఉత్తుత్తి ఇంజెక్షన్ కంటే పీఆర్‌పీ మెరుగని రుజువు కాలేదు.

కాలిపుండుకు ఆశాకిరణం

ప్రకటనల్లో అంతగా కనిపించని చోటే ఈ చికిత్సకు మెరుగైన ఆధారం లభించడం విశేషం. అది మధుమేహుల కాలిపుండు. చక్కెర వ్యాధి ముదిరితే పాదాల్లో స్పర్శ తగ్గుతుంది. చెప్పులు లేకుండా గట్లపై, బురదలో నడిచే రైతుకు, రైతుకూలీకి ముల్లు గుచ్చుకున్నా తెలియదు. చిన్న పొక్కు పుండుగా మారి, నెలలు గడిచినా మానక, చివరకు వేలు, పాదం తొలగించవలసిన స్థితి రావచ్చు. పాదం పోతే ఆ ఇంటి ఆదాయమే పోతుంది.

బ్రిటన్, డెన్మార్క్, స్వీడన్ దేశాల్లోని 32 వైద్యశాలలు కలిసి ఇటువంటి మొండి పుండ్లున్న 266 మందిపై జరిపిన అధ్యయనం 2018లో 'లాన్సెట్' వర్గపు పత్రికలో వెలువడింది. సగం మందికి మామూలు శుశ్రూష మాత్రమే అందించారు. మిగిలినవారికి ఆ శుశ్రూషతో పాటు, వారి రక్తం నుంచే తయారుచేసిన ప్లేట్‌లెట్లు, తెల్లకణాలు, ఫైబ్రిన్‌తో కూడిన పలుచని బిళ్లను వారానికొకసారి పుండుపై పరిచారు. 20 వారాల్లో మామూలు శుశ్రూష పొందినవారిలో 22 శాతం మందికి పుండు మానగా, బిళ్ల పరిచినవారిలో 34 శాతం మందికి మానింది. నూటికి నూరుపాళ్లు విజయం కాదిది. వందలో అదనంగా పన్నెండు పుండ్లు మూసుకున్నాయి. అయినా, నెలల తరబడి మొండికేసిన పుండ్ల విషయంలో అది చిన్న సంగతి కాదు. అమెరికా ప్రభుత్వ వైద్య బీమా మెడికేర్ 2021 ఏప్రిల్ నుంచి మానని మధుమేహ పుండ్లకు ఈ తరహా చికిత్స ఖర్చును 20 వారాల వరకు భరించేందుకు అంగీకరించింది.

ఇక్కడ మరువరాని నిబంధన ఒకటుంది. రక్తంలో చక్కెరను అదుపులో ఉంచడం, కుళ్లిన కణజాలాన్ని తొలగించడం, చీము పట్టకుండా చూడటం, పుండుపై బరువు పడకుండా తగిన పాదరక్షలు వాడటం, కాలికి రక్త ప్రసరణ సరిగా ఉన్నదో లేదో పరీక్షించడం, ఇవన్నీ జరిగాకనే ప్లేట్‌లెట్ల వంతు వస్తుంది. వీటిని విడిచి పీఆర్‌పీ కోసం తిరిగితే విలువైన కాలం వృథా అవుతుంది. పాదం నల్లబడినా, దుర్వాసన, జ్వరం వచ్చినా ఒక్కరోజు సైతం ఆలస్యం చేయకుండా పెద్దాసుపత్రికి వెళ్లాలి.

జుట్టు, ముఖ సౌందర్యం

పట్టణాల్లో పీఆర్‌పీ అధికంగా అమ్ముడయ్యేది జుట్టు రాలడానికే. వంశపారంపర్యంగా పలుచబడే జుట్టు కొంత ఒత్తుగా వచ్చినట్లు కొన్ని అధ్యయనాలు చూపినా, వాటిలో చాలా వరకు కొద్దిమందిపై జరిగినవే. పూర్తిగా బట్టతల అయిన చోట కుదుళ్లే ఉండవు కనుక ఫలితం ఆశించడం తగదు. రక్తహీనత, థైరాయిడ్ లోపం, తీవ్ర జ్వరం తరువాత రాలే జుట్టుకు మూలకారణాన్ని సరిచేయడమే చికిత్స.

ముఖ సౌందర్యం కోసం చేసే పీఆర్‌పీలో అజాగ్రత్త ఎంత ప్రమాదమో తెలిపే ఉదంతం అమెరికాలో జరిగింది. న్యూ మెక్సికో రాష్ట్రంలో అనుమతి లేని ఒక సౌందర్య కేంద్రంలో సూదులతో ముఖానికి పీఆర్‌పీ చేయించుకున్న మహిళలకు హెచ్‌ఐవీ సోకింది. 2018లో ఆ కేంద్రం మూతపడింది. అక్కడి వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ 2024 ఏప్రిల్‌లో పూర్తి వివరాలను ప్రచురించింది. సొంత రక్తమే కనుక భయం లేదన్న మాట, వాడిన సూది, గొట్టం కొత్తవైనపుడే నిజమని ఈ ఉదంతం హెచ్చరిస్తోంది.

నిరూపించి చూపిన హైదరాబాద్

పీఆర్‌పీ ఒక్కటే కాదు, శరీరం తననుతాను బాగుచేసుకునే శక్తికి ఊతమిచ్చే చికిత్సలన్నిటినీ కలిపి పునరుత్పత్తి వైద్యం అంటారు. ఈ రంగంలో నమ్మకం ఎలా సంపాదించుకోవాలో చూపిన ఉదాహరణ తెలుగునేలపైనే ఉంది. డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు 1987లో హైదరాబాద్‌లో నెలకొల్పిన ఎల్.వి.ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో, సున్నం, ఆమ్లం వంటివి పడి కనుగుడ్డు ఉపరితలం కాలిపోయినవారికి మూలకణ చికిత్స 2001 నుంచి అందుతోంది. ఆరోగ్యంగా ఉన్న రెండో కంటి అంచు నుంచి బియ్యపు గింజంత కణజాలాన్ని తీసి, ముక్కలు చేసి, దెబ్బతిన్న కంటిపై అమర్చే సరళమైన పద్ధతిని అక్కడి డాక్టర్ వీరేందర్ సంగ్వాన్ బృందం 2012లో లోకానికి వెల్లడించింది. ముక్కలను అతికించేందుకు వాడే జిగురు సైతం రక్తం నుంచి తీసిన ఫైబ్రినే. 125 మంది రోగులను అనుసరించి 2016లో ప్రకటించిన ఫలితాల్లో 76 శాతం మందికి చికిత్స విజయవంతమైంది.

ఎందరికి చేశారు, ఎందరికి ఫలించింది, ఎందరికి విఫలమైంది అన్న లెక్క బహిరంగంగా ముందుంచినపుడే ఏ చికిత్సకైనా గౌరవం. మిగిలిన 24 శాతాన్ని దాచకపోవడమే 76 శాతానికి విలువ తెచ్చింది. పీఆర్‌పీని సైతం ఇదే గీటురాయిపై చూడాలి. కొన్నిచోట్ల పీఆర్‌పీని 'స్టెమ్‌సెల్ చికిత్స' అని చెప్పి అధిక రుసుము అడిగే ప్రమాదం ఉంది. ప్లేట్‌లెట్లు మూలకణాలు కావు. వాటికి కేంద్రకమే లేదు, విభజన చెంది కొత్త కణాలుగా మారే శక్తి లేదు. ఈ తేడా తెలిసినవారు మోసపోరు.

ఎవరికి కూడదు?

ప్లేట్‌లెట్ల సంఖ్య బాగా తక్కువగా ఉన్నవారికి, ప్లేట్‌లెట్ల పనితీరులో లోపమున్నవారికి, రక్త క్యాన్సర్ రోగులకు, శరీరంలో తీవ్రమైన ఇన్‌ఫెక్షన్ ఉన్నవారికి, ఇంజెక్షన్ ఇవ్వవలసిన చోట చీము గాని కణితి గాని ఉన్నవారికి ఈ చికిత్స తగదు. తీవ్ర రక్తహీనత ఉన్నవారు, రక్తం పలుచబడే మందులు వాడేవారు ఆ సంగతి ముందే చెప్పాలి.

నొప్పి నివారణ బిళ్లలు ప్లేట్‌లెట్ల పనితీరును మందగింపజేస్తాయి. కనుక చికిత్సకు కొన్ని రోజుల ముందు, తరువాత వాటిని ఆపమని వైద్యులు సాధారణంగా సూచిస్తారు. అయితే గుండె జబ్బు కోసం ఆస్పిరిన్ వాడుతున్నవారు హృద్రోగ వైద్యుని అనుమతి లేకుండా దానిని ఆపరాదు. మోకాలి నొప్పి కోసం గుండెను పణంగా పెట్టడం అవివేకం.

ఇంజెక్షన్ తరువాత రెండు మూడు రోజులు నొప్పి, వాపు పెరగడం సహజం. అంతకు మించి ఎర్రబడి, వేడెక్కి, జ్వరం వస్తే కీలులో ఇన్‌ఫెక్షన్ చేరిందేమోనని అనుమానించి తక్షణం వైద్యుని కలవాలి. ఇది అరుదైనదే అయినా నిర్లక్ష్యం చేస్తే కీలు శాశ్వతంగా దెబ్బతింటుంది.

డబ్బు కట్టే ముందు అడగవలసినవి

* నా జబ్బు పేరేమిటి? ఎక్స్‌రేలో అరుగుదల ఏ దశలో ఉంది?
* వ్యాయామం, బరువు తగ్గడం, ఫిజియోథెరపీ వంటివి ముందుగా ప్రయత్నించామా?
* ఎన్ని ఇంజెక్షన్లు? మొత్తం ఖర్చెంత? మొదటిదానికి గుణం లేకుంటే రెండోది ఎందుకు?
* ఇంజెక్షన్ ఇచ్చేది ఎముకల వైద్యుడా, చర్మ వైద్యుడా, మరెవరైనానా?
* గొట్టాలు, సూదులు నా ఎదుటే కొత్త పొట్లం నుంచి తీస్తారా? గొట్టంపై నా పేరు రాస్తారా?
* ఫలితం రాకుంటే తరువాతి మార్గమేమిటి?

ఈ ప్రశ్నలకు ఓపికగా, సూటిగా బదులిచ్చే వైద్యుని వద్దకు నిశ్చింతగా వెళ్లవచ్చు. 'గ్యారంటీ' అన్న మాట వినబడితే మాత్రం మరో వైద్యుని అభిప్రాయం తీసుకోవడం మేలు. మచిలీపట్నంలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమయ్యాక, దూర ప్రాంతాలకు పోనవసరం లేకుండా ముందుగా అక్కడి బోధనాసుపత్రి ఎముకల విభాగంలో చూపించుకుని, జబ్బు ఏ దశలో ఉన్నదో తెలుసుకునే వీలు జిల్లావాసులకు కలిగింది. ప్రభుత్వ ఆరోగ్య పథకం వర్తిస్తుందో లేదో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడిగి, ఆ తరువాతే అప్పు సంగతి ఆలోచించాలి.

పీఆర్‌పీ మోసం కాదు, అమృతమూ కాదు. మానని పుండుకు అది అండ. తొలి దశ మోకాలి నొప్పికి కొన్ని నెలల ఊరట కావచ్చు. పూర్తిగా అరిగిన కీలుకు మాత్రం అది పూత మాత్రమే. రోల్డుగోల్డును రోల్డుగోల్డని చెప్పి, దాని ధరకే అమ్మడం చిలకలపూడి వర్తకులు తరతరాలుగా నిలుపుకున్న మర్యాద. వైద్యంలోనూ రోగి కోరవలసినది ఆ మర్యాదనే.